తొమ్మిది లైన్లు

"ఇందులో ఏమీ లేదేమిటి బుజ్జీ?"

పంతులమ్మ అరవలేదు. అరిచి ఉంటే బుజ్జికి కాస్త తేలికగా ఉండేది. చేతిలోని స్క్రూడ్రైవరును జేబులో పెట్టుకోబోయి, అది పట్టకపోయేసరికి మళ్ళీ చేతిలోకే తీసుకున్నాడు.

"లేకపోవడమేంటి వదినా? అంతా కొత్తగా ఎక్కించాను. ఎంత చురుగ్గా తెరుచుకుంటోందో చూడు. ఇదివరకు దీన్ని ఆన్ చేసి స్నానం చేసొచ్చినా ఇంకా మూలుగుతూనే ఉండేది."

"పాతవి?"

"పాతవంటే... చెరిపేశాను. చెరపకుండా కొత్తది ఎక్కదు కదా."

"అన్నీనా?"

"ఫొటోలు, అన్నయ్య ఆసుపత్రి కాగితాలు విడిగా తీసి పెట్టాను. మిగతావన్నీ ఏవో అర్థంకాని ఫోల్డర్లు. ఎప్పటిదో చెత్తలా ఉంది."

ఆ చివరి మాట అనేశాక వదిన ముఖం చూసి బుజ్జి నాలుక కరుచుకున్నాడు.

నలభై దాటినా, నెత్తి మీద జుట్టు పలచబడినా, మరిది ఆ ఇంట్లో ఇంకా బుజ్జే. వీధి చివర ఫోన్లు, కంప్యూటర్లు బాగుచేసే కొట్టు ఉంది. ఏడు వారాలుగా రోజూ కొట్టు తెరవకముందే వచ్చి, అన్నయ్యను ఎత్తి స్నానం చేయించి వెళ్తున్నాడు. అలాంటివాణ్ణి తిట్టడానికి నోరు రాదు. తిట్టకుండా ఉండడానికీ ఓపిక లేదు.

వెనక గది గుమ్మంలో చక్రాల కుర్చీలో ఆమె భర్త కూర్చుని ఉన్నాడు. కుడిచెయ్యి ఎవరో తెచ్చి ఆయన ఒళ్ళో పెట్టి మరిచిపోయినట్టు పడి ఉంది. కళ్ళు మాత్రం తెర మీదే ఉన్నాయి. ఖాళీ తెర. నీలం రంగు. మూలన కొత్త గుర్తులు నాలుగు.

"అదే," అన్నాడు.

మెదడులో నరం చిట్లిన నాటినుంచి ఆయన నోట్లో మిగిలింది ఆ ఒక్క మాట. మంచినీళ్ళు కావాలన్నా అదే, నొప్పి అన్నా అదే, వద్దన్నా అదే. మనం అనేదంతా ఆయనకు అర్థమవుతుందనీ, ఆలోచనకూ నోటికీ మధ్య దారి తెగిందనీ డాక్టరు చెప్పాడు. రాతకూ అంతేనట. మెల్లగా వస్తే రావచ్చు, ఎంతవరకు వస్తుందో చెప్పలేమన్నాడు.

పంతులమ్మ ఫోను మోగింది. ఎవరో చూడకుండానే ఆమెకు తెలుసు.

"మేడమ్, ఇవాళైనా అవుతుందా?" డయాలసిస్ కేంద్రం నర్సు గొంతు. వెనక యంత్రాల చప్పుడు.

"చూస్తున్నానమ్మా."

"నిన్నా అదే అన్నారు మేడమ్. నిష్ఠూరం కాదు. ఇవాళ పొద్దున మళ్ళీ మీ ప్రోగ్రాం ఇద్దరికి ఒకే మంచం ఇచ్చింది. ఒకాయన రెండు బస్సులు మారి వచ్చాడు. రేపు రమ్మని పంపేశాం. ఆయనేమీ అనలేదు. అనే ఓపిక ఉండదు వాళ్ళకి."

మూత్రపిండాలు పనిచేయనివాళ్ళు వారానికి మూడుసార్లు రక్తం శుద్ధి చేయించుకోవాలి. ఎవరు ఏ పూట, ఏ మంచం మీద అన్నది చెప్పే సాఫ్ట్‌వేరు పేరు 'వంతు'. ఉచితం. దాని కోడు ఎవరైనా చూడొచ్చు, ఎవరైనా దిద్దొచ్చు. పాత కంప్యూటర్లు తప్ప వేరే గతిలేని చిన్నచిన్న కేంద్రాలు అరవై దాకా దాని మీదే నడుస్తున్నాయి. ఉద్యోగం చేసుకుంటూనే, మిగిలిన పూటల్లో, ఆయన ఒక్కడే ఈ గదిలో కూర్చుని దాన్ని బతికించుకుంటూ వచ్చాడు. పడిపోవడానికి వారం ముందు విడుదల చేసిన వర్షన్‌లో తప్పు దొర్లింది. కొత్తదాంట్లో ఎక్కిన రోగుల వివరాలు పాతదాంట్లో తెరుచుకోవు కాబట్టి వెనక్కి పోయే దారీ లేదు.

తప్పును ఎవరో పట్టుకున్నారు కూడా. 'పిచ్చుక' అనే పేరుతో ఇంటర్నెట్లో తిరిగే మనిషి. ఆడో మగో, ఏ ఊరో పంతులమ్మకు తెలియదు. మార్చాల్సింది ఒక్కటంటే ఒక్క లైను. కానీ కోడులో లైను మారిస్తే చాలదు. ఆ కోడును ఆ పాత కంప్యూటర్లు నడపగలిగే రూపంలోకి తయారుచేయాలి. పిచ్చుక తయారుచేసి పంపినది కేంద్రాల్లో తెరుచుకోనే లేదు. అది చేయగలిగింది ఈ గదిలోని ఈ ఒక్క మెషీనే.

నిన్నటిదాకా.

"రేపటికి ఎలాగోలా చేస్తాను," అంది పంతులమ్మ. ఎలాగో ఆమెకే తెలియదు.

* * *

పదకొండేళ్ళ కిందటిదాకా ఆయనా పంతులమ్మా ఒకే ఆఫీసులో పనిచేశారు. 'వంతు' పుట్టింది అక్కడే. ఆయన రాసేవాడు, ఆవిడ అది ఎక్కడ విరుగుతుందో వెతికి పట్టుకునేది. పెళ్ళయిన ఏడాదికి అత్తగారు బాత్రూములో జారిపడి నడుం విరగ్గొట్టుకుంది. ఆమెను చూసుకోవడానికి పంతులమ్మ ఇంట్లో ఉండిపోయింది, ఆఫీసులో తన కుర్చీ ఖాళీ అయింది. అత్తగారు లేచి తిరగడానికి రెండేళ్ళు పట్టింది. ఆ తర్వాత తను బడిలో లెక్కలు చెప్పడానికి చేరింది. ఆయన 'పంతులమ్మా' అని పిలవడం మొదలుపెడితే, ఇంటాబయటా అదే పేరు స్థిరపడిపోయింది.

ఆఫీసు ఎప్పుడో మూతపడింది. 'వంతు'ను పదిమందికీ ఇచ్చేసి ఇంటికి తెచ్చుకున్నాడు ఆయన.

పిచ్చుక దిద్దిన ఆ ఒక్క లైనుతో సహా కోడంతా ఇంటర్నెట్లో భద్రంగా ఉంది. దించుకోవడానికి రెండు నిమిషాలు పట్టింది. దానితోపాటు ఆయన రాసిపెట్టిన సూచనల పేజీ కూడా ఉంది. పంతులమ్మ పైకే చదివింది.

"'ముందు టీ పెట్టుకోండి. ఉన్నవి అయిదు మెట్లే. టీ చల్లారేలోపు అయిపోతుంది.'"

చదివి ఆయన వైపు చూసింది. ఆయన కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు.

మధ్యాహ్నానికి నాలుగు టీలు చల్లారాయి. మొదటి మెట్టు ఇంకా దాటలేదు. 'కంపైలరు పెట్టుకోండి' అని ఉంది, అంటే కోడును నడిచే రూపంలోకి మార్చే సాధనం. ఏ వర్షనో రాయలేదు. ఇప్పుడు దొరికేది పెడితే కోడు బుద్ధిగా తయారైంది, తప్పొక్కటీ చూపలేదు. బుజ్జి తన కొట్టులో మూలపడేసిన పాత కంప్యూటరును స్కూటరు మీద మోసుకొచ్చాడు. కేంద్రాల్లో ఉన్నవి అచ్చం అలాంటివే. అందులో పెట్టి నొక్కితే తెర ఒకసారి నల్లబడి ఊరుకుంది.

"పాతది కావాలేమో వదినా," అన్నాడు బుజ్జి.

"ఎంత పాతది? ఇక్కడ ఇరవై ఆరు పాతవి ఉన్నాయి."

"అన్నయ్యని అడుగుదామా?"

అడిగింది. ఒక్కొక్క అంకె చదువుతూ ఆయన ముఖం చూసింది.

"ఇదా?"

"అదే."

"పోనీ ఇదా?"

"అదే."

"రెండూ ఎలా అవుతాయండీ? సరిగ్గా చూడండి. ఇదా?"

"అదే, అదే." ఎడమచేత్తో కుర్చీ పిడిని కొట్టాడు.

ఆయన చెప్పిన మొదటిది పెట్టడానికి గంట పట్టింది. పనిచేయలేదు. రెండోదానికి మరో గంట. సాయంత్రం నాలుగయ్యేసరికి పంతులమ్మకు మెడ పట్టేసింది. దిద్దాల్సిన పరీక్ష కాగితాలు పక్క బల్ల మీద కట్టలుగా ఉన్నాయి. ఆయనకు మూడింటికి ఇవ్వాల్సిన మాత్ర ఇంకా షీటులోనే ఉంది. అది చూసుకునేసరికి ఎక్కడినుంచి వచ్చిందో కోపం తన్నుకొచ్చింది.

"ఒక్క ముక్క రాసి పెడితే నీ సొమ్మేం పోయేది? ఒక్క అంకె! నేర్చుకుంటానని ఎన్నిసార్లు అడిగాను? అడిగిన ప్రతిసారీ 'నీకెందుకు పంతులమ్మా' అన్నావు. ఇప్పుడు ఎవరికి చుట్టుకుంది? నాకే చుట్టుకుంది!"

ఇంట్లో అందరి ముందూ ఆమె ఆయన్ను 'నువ్వు' అనడం అదే మొదలు. బుజ్జి పాత కంప్యూటరు వెనక తీగలేవో సర్దుతున్నట్టు వంగిపోయాడు.

ఆయన ముఖంలో కదిలే సగం మాత్రమే ముడుచుకుంది.

"అరువమ్మా," అంది అత్తగారు వంటింట్లోంచే. "ఇంకా అరువు. తిరిగి ఒక మాట అనలేడుగా."

పంతులమ్మ మాత్ర తీసి, నీళ్ళు తెచ్చి, ఆయన గడ్డం కింద తువ్వాలు పెట్టి తాగించింది. ఆయన మింగాడు. నోటి చివర కారిన నీళ్ళు తుడిచింది. గోడ గడియారం సెకన్ల ముల్లు ఒక్కోచోట ఆగి ఆగి నడుస్తోంది.

* * *

ఆదివారం పొద్దున ఆమె పని తీరు మార్చింది.

బడిలో ఆమె దగ్గర ఒక పిల్ల ఉంది. అడిగితే నోరు విప్పదు. అంకెలు రాసిన అట్టముక్కలు ముందు పరిస్తే మాత్రం సరైనది చటుక్కున ముందుకు తోస్తుంది. నిద్ర లేస్తూనే ఆ పిల్ల గుర్తొచ్చింది. పాత కేలండరు చింపి ఇరవై ఆరు ముక్కలు చేసింది. ఒక్కోదాని మీద ఒక్కో వర్షను అంకె పెద్దగా రాసింది. ఆయన కుర్చీని బల్ల దగ్గరికి తోసి ముక్కలన్నీ పరిచింది.

"నోటితో ఏమీ చెప్పొద్దు. కానివి తోసేయండి, చాలు."

ఆయన చాలాసేపు చూశాడు. ఎడమచెయ్యి లేచింది. ఒక ముక్క నేల మీద పడింది. ఇంకొకటి. తొందర లేకుండా, పేకముక్కలు తీసేసినట్టు, ఇరవై అయిదింటిని తోసేశాడు. మిగిలినదాని మీద అరచెయ్యి పెట్టి ఊరుకున్నాడు.

అంతకు ముందు రోజు ఆమె నోటితో చదివినప్పుడు 'అదే' అన్నవాటిలో అది లేనేలేదు.

కంపైలరు కుదిరింది. దాని తర్వాత లైబ్రరీ, అంటే తేదీలూ వేళలూ చూసుకునే పాత కోడు మూట. దానికీ ముక్కలే. పదకొండు ముక్కల్లో పది కింద పడ్డాయి. బుజ్జి మోకాళ్ళ మీద కూర్చుని ముక్కలు ఏరుతూ, "అన్నయ్య చిన్నప్పుడు పేకలో ఇలాగే నన్ను ఓడించేవాడు," అన్నాడు. రెండు రోజుల్లో ఆ గదిలో ఎవరైనా నవ్వారంటే అప్పుడే. అదీ సగం నవ్వే.

నాలుగో మెట్టు దగ్గర తెర మీద ఎర్రక్షరాలు పడ్డాయి. 'గడియారం' అనే ఫైలు దొరకలేదు.

ఇంటర్నెట్లోని కోడులో ఎక్కడా అది లేదు. పంతులమ్మ పిచ్చుకకు రాసింది. వెంటనే జవాబు వచ్చింది.

'అది సార్ దగ్గరే ఉండేది మేడమ్. మాకెప్పుడూ ఇవ్వలేదు. కొత్త కంపైలర్లు దాన్ని అడగవు, పాతదే అడుగుతుంది. అది లేకపోతే పాత కంప్యూటర్లలో ప్రోగ్రాం మొదట్లోనే బిగుసుకుపోతుంది. ఇమ్మని మూడుసార్లు అడిగాం. సార్ జవాబివ్వలేదు. మీ మెషీన్లో ఉంటుంది చూడండి.'

మా మెషీన్లో.

"చెరిపేయమని నీకెవరు చెప్పారు బుజ్జీ?" పంతులమ్మ మెల్లగా అడిగింది. "నీ అంతట నువ్వు అన్నయ్య వస్తువు ముట్టుకోవు. అది నాకు తెలుసు."

బుజ్జి నేల చూశాడు.

"నేనే చెప్పాను," అంది అత్తగారు.

చేతులు తుడుచుకుంటూ గుమ్మంలోకి వచ్చి నిలబడింది. డెబ్భై దాటిన మనిషి. నడుం విరిగినప్పటినుంచి ఒక పక్కకు ఒరిగి నడుస్తుంది.

"ఏం చెప్పాలి మరి? పొద్దున ఉద్యోగం, వచ్చి ఈ డబ్బా ముందు. ఆదివారం లేదు, ఒంట్లో బాగుండకపోవడం లేదు. ఎవరో మొహం తెలియనివాళ్ళు రాసేవాళ్ళు, అది పాడైంది, ఇది చెడిపోయింది అని. ఒక్కడైనా 'నువ్వెలా ఉన్నావయ్యా' అని రాశాడా? ఇది నా కొడుకుని నమిలి పారేసింది. ఇప్పుడు నువ్వు కూర్చున్నావు దాని ముందు. రెండో మనిషిని కూడా మంచాన పడేసుకుని, నేను ఒక్కదాన్నీ ఇద్దరికీ చెయ్యలేనమ్మా. నాకు ఓపిక లేదు."

ఆ మాటల్లో సగం పంతులమ్మ తనూ అనుకున్నవే.

ఫోను మోగింది. చేతులు ఖాళీ లేక స్పీకరు నొక్కింది.

"మేడమ్, నిన్న తిప్పి పంపామే, ఆయన ఇవాళ వచ్చాడు." అంది నర్సు. "ఆయాసం. కాళ్ళు ఇంతేసి వాచాయి. మంచం మీదికి ఎక్కించాం, ఇప్పుడు ఫరవాలేదు. మేం ముగ్గురం కాగితం మీద రాసుకుంటున్నాం మేడమ్, ఎనభై మంది. ఎక్కడో తప్పు చేస్తామని భయంగా ఉంది. అవుతుందో కాదో ఒక్క మాట చెప్పండి. కాదంటే కాదనండి."

గదిలో నలుగురూ ఆ మాట విన్నారు.

"సాయంత్రందాకా చూడమ్మా," అంది పంతులమ్మ.

అత్తగారు వంటింట్లోకి వెళ్ళిపోయింది. గిన్నెల చప్పుడు వినిపించలేదు.

* * *

ఆ బిగుసుకుపోవడం పంతులమ్మకు కొత్త కాదు.

తెర ముందు నుదురు పట్టుకుని కూర్చుంటే మెల్లగా గుర్తొచ్చింది. ఆ జబ్బును మొట్టమొదట పట్టుకున్నది తనే. ఆఫీసులో తన ఆఖరి వారం. పాత కంప్యూటర్లలో ఉన్న గడియారం చిప్పు ఒక్కోసారి పలకదు. ప్రోగ్రాం వేళ ఎంతని అడిగి, జవాబు కోసం అలా ఎదురుచూస్తూ ఉండిపోతుంది. కారణం కనిపెట్టింది కానీ, మందు కనిపెట్టేలోపు ఉద్యోగం వదిలేయాల్సి వచ్చింది.

తర్వాత, అత్తగారి మంచం పక్కన కూర్చున్న మధ్యాహ్నాల్లో, మందుల చీటీ వెనక తొమ్మిది లైన్లు రాసింది. అడుగు. కాసేపు ఆగు. పలకకపోతే మళ్ళీ అడుగు. అప్పటికీ పలకకపోతే దాన్ని వదిలేసి ముందుకు పో. ఎంతసేపు ఆగాలన్నది ఆఫీసులో చూసిన లెక్కల్ని బట్టి ముప్పై ఏడు అని పెట్టింది. సెకనులో వెయ్యో వంతులు ముప్పై ఏడు. ఆ చీటీ ఆయన చేతికిచ్చింది.

నాలుగు రోజుల తర్వాత ఆయన అన్నాడు: "అది కుదర్లేదు. వేరే దారి చూశాం."

ఆ మాటతో ఆమె ఆ పని తన వల్ల కాదని తేల్చుకుంది. ఏడుపు కూడా రాలేదు. అత్తగారికి మందు వేసే వేళయింది, లేచి వెళ్ళింది.

కుదరని మందే. కానీ ఇప్పుడు చేతిలో వేరే ఏమీ లేదు. టైపు చేయడం మొదలుపెట్టింది.

నాలుగో లైనుకు ఆయన కుర్చీలో కదిలాడు. "అదే," అన్నాడు. అయిదో లైనుకు "అదే, అదే," అంటూ ఎడమచేత్తో చక్రాన్ని వెనక్కి తిప్పబోయాడు. కుర్చీ గుండ్రంగా తిరిగి గోడకు తగిలింది.

"నొప్పా? పడుకుంటారా? రెండు నిమిషాలు ఓర్చుకోండి."

ఆయన కళ్ళు మూసుకున్నాడు.

ముప్పై ఏడు. తొమ్మిదో లైను. సేవ్ చేసి నొక్కింది. అక్షరాలు తెర మీద పైకి పాకడం మొదలెట్టాయి. రెండు నిమిషాలు, మూడు, అయిదు. ఎర్రక్షరం ఎక్కడా పడలేదు.

బుజ్జి తయారైనదాన్ని పాత కంప్యూటర్లోకి ఎక్కించి, రెండు చేతులూ ప్యాంటుకు తుడుచుకుని, మీట నొక్కాడు. తెర నల్లబడింది. నల్లగానే ఉంది. తర్వాత మంచాల పట్టిక తెరుచుకుంది.

"వదినా!"

పంతులమ్మ తల ఊపింది. సంతోషించడానికి కూడా కాస్త బలం కావాలి. అది రేపెప్పుడైనా వస్తుందనుకుంది. దాన్ని నర్సుకూ, కొత్త ఫైలునూ తయారుచేసిన పద్ధతినీ పిచ్చుకకూ పంపింది. అరగంటకు నర్సు ఫోను చేసి ఏడ్చింది. ఎనభై మందినీ ఎక్కించి చూశారట. ఎవరి మంచం వారికే వచ్చిందట.

అప్పుడు పిచ్చుక దగ్గరినుంచి కబురొచ్చింది.

'మేడమ్, ఊరికే సరిచూద్దామని, సార్ ఇదివరకు విడుదల చేసిన పాత వర్షన్‌ను మీ పద్ధతిలో, మీరు పంపిన ఫైలుతో మళ్ళీ తయారుచేశాను. రెండూ పక్కపక్కన పెట్టి చూశాను. ఒక్క అక్షరం తేడా లేదు. ఆ ముప్పై ఏడుతో సహా. మొత్తానికి సార్ ఫైలు మీకు దొరికిందన్నమాట!'

పంతులమ్మ ఆ కబురు రెండుసార్లు చదివింది. మూడోసారి చదవలేదు.

"బుజ్జీ, నువ్వు కాసేపు బయట ఉంటావా?"

"ఏమైంది వదినా?"

"ఏమీ కాలేదు. ఉండు పోనీ. నువ్వూ విను." ఆమె కుర్చీని ఆయన వైపు తిప్పుకుంది. "కుదర్లేదన్నారు. ఇన్నేళ్ళూ అరవై చోట్ల నడిచింది నేను రాసిందేనా?"

ఆయన కళ్ళు తెరవలేదు.

"ఎవరడిగినా ఇవ్వలేదట. నాక్కూడా చెప్పలేదు. ఎందుకు దాచారు?"

ఆయన పెదవులు కదిలాయి. ఆ మాట కూడా రాలేదు.

"ఎందుకంటే చెప్పలేరు. బాగుంది. ఇక నేను ఎవర్నడగాలి?"

"నన్నడుగు."

అత్తగారు గుమ్మంలో లేదు. గదిలోకే వచ్చేసి, గోడకు చెయ్యి ఆనించి నిలబడింది. ఎప్పుడొచ్చిందో ఎవరూ చూడలేదు.

"వాడు ఎగురుకుంటూ వచ్చాడు ఆ రోజు. నువ్వు స్నానానికి వెళ్ళావు. 'అమ్మా, తను రాసింది పనిచేసింది, ఆఫీసులో చెబుతాను, ఎంత జీతమైనా ఇచ్చి రమ్మంటారు' అన్నాడు." ఆవిడ ఊపిరి తీసుకుంది. "నేను మంచంలో ఉన్నాను. పక్క తడిస్తే మార్చే దిక్కు నువ్వొక్కదానివే. చెప్పకురా అన్నాను. నేను లేచేదాకా చెప్పకు అన్నాను. ఒట్టు వేయించుకున్నాను."

"మీరు లేచి తొమ్మిదేళ్ళయింది అత్తయ్యా."

"అవును."

"తొమ్మిదేళ్ళు."

"లేచాక చెప్పరా అన్నాను. 'ఇప్పుడు ఏ మొహంతో చెప్పను' అన్నాడు. ఏ ఏటికాయేడు ఇంకా కష్టమైపోయింది వాడికి. అందులో నీ పేరు లేకుండా పదిమందిలో పెట్టడానికి మనసొప్పలేదు, పేరు పెడితే నీకు తెలిసిపోతుంది. ఈ డబ్బాలోనే పెట్టుకు కూర్చున్నాడు." అత్తగారు గొంతు తగ్గించింది. "నువ్వు నిన్న వాడి మీద అరిచావు చూడు. ఆ అరుపు నా మీద పడాల్సింది."

కింద వీధిలో ఎవరో లారీ వెనక్కి తీస్తున్నారు. వంటింట్లో పాలు పొంగిన వాసన వస్తోంది. లేచి వెళ్ళి కట్టేయాలని ముగ్గురికీ తెలుసు. చివరికి బుజ్జి వెళ్ళాడు.

పంతులమ్మకు ఒళ్ళంతా బరువుగా ఉంది. కోపం తెచ్చుకోవాలి. ఎవరి మీద ముందు తెచ్చుకోవాలో తేలడం లేదు. ఒరిగి నిలబడ్డ ఆ ముసలావిడ మీదా? నోరు లేని ఆయన మీదా? కుదర్లేదని ఒకరు అనగానే నమ్మేసి, ఒక్కసారైనా తిరిగి అడగని తన మీదా?

తెర మీద పిచ్చుక మళ్ళీ రాసింది.

'మిగతా కేంద్రాలన్నీ ఎదురుచూస్తున్నాయి మేడమ్. ఈ ఫైలును ఇప్పుడైనా అందరికీ కనిపించేలా పెట్టేద్దాం. ఇంకెప్పుడూ ఎవరూ ఇలా అవస్థ పడకూడదు. ఫైలు మీద రాసినవారి పేరు ఉండాలి. అది నింపి నొక్కండి, చాలు.'

పేరు రాయాల్సిన చోట గీత మిణుకుమిణుకుమంటోంది.

పంతులమ్మ చేతులు ఒళ్ళో పెట్టుకుంది. "నేను రాయను," అంది. "ఎవరి పేరూ రాయను. నాకు చేతకాదు."

అప్పుడు ఆయన కళ్ళు తెరిచాడు. ఎడమచేత్తో చక్రాన్ని తిప్పుకుంటూ, రెండుసార్లు బల్ల కాలికి తగిలి, మూడోసారికి దగ్గరికి వచ్చాడు. చెయ్యి చాచి కీబోర్డును తనవైపు లాక్కున్నాడు. ఏడు వారాల్లో దాన్ని ముట్టుకోవడం అదే మొదటిసారి.

చూపుడువేలు మీటల మీద తిరిగింది. ఒకచోట ఆగింది. కాదనుకుని కదిలింది. మళ్ళీ అక్కడికే వచ్చింది. నొక్కింది.

తెర మీద 'స' పడింది.

అత్తగారు ముందుకు వంగింది. పాలగిన్నె చేత్తో పట్టుకునే బుజ్జి గుమ్మంలో ఆగిపోయాడు.

ఆయన పేరూ, పంతులమ్మ అసలు పేరూ ఆ అక్షరంతోనే మొదలవుతాయి.

పంతులమ్మ ఆయన ముఖం చూడలేదు. ఆ వేలినే చూస్తోంది. అది రెండో అక్షరం కోసం వెతుకుతోంది.